మూట ఎప్పుడు కట్టాలి

మార్చి 3, సోమవారం

నాకీ పని నేర్పిన పెద్ద సారు రిటైరై వెళ్తూ చేతిలో పెట్టిన నోట్‌బుక్ ఇది. "మిషన్‌కి ఏం చేసినా టైముతో సహా ఇందులో రాయమ్మా. చేసింది మర్చిపోవడం మన పనిలో పెద్ద జబ్బు," అన్నారు. ఏడాదిగా తెల్లగానే ఉంచాను. ఇవాళ స్టూడియో కంప్యూటర్ డిస్క్ లోపల టిక్కుమని శబ్దం వచ్చింది కాబట్టి మొదలుపెడుతున్నాను.

9:20. బూట్ ఇమేజ్ మళ్ళీ కట్టాను. ఏమీ మారలేదు. ఊరికే.

అత్తయ్య ఇరవై అయిదో అధ్యాయం చదివారు. ముప్ఫై నాలుగింటిలో ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఆవిడ గొంతుకి ఆపరేషన్ ఇరవయ్యో తేదీన.


మార్చి 4, మంగళవారం

9:15. బూట్ ఇమేజ్ కట్టాను. ఊరికే.

ఇందులో మిషన్ సంగతులు మాత్రమే రాయాలనుకున్నాను. కానీ మా స్టూడియోలో మిషన్ సంగతికీ అత్తయ్య సంగతికీ మధ్య గోడ లేదు. పందొమ్మిదేళ్ళుగా చూపులేనివాళ్ళ కోసం ఆవిడ చదివిన పుస్తకాలన్నీ ఈ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. రికార్డింగ్ దీని మీదే, ఎడిటింగ్ దీని మీదే, దాచుకోవడమూ దీంట్లోనే. అత్తయ్య దీన్ని ఏనుగు అంటారు. నేను ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఆవిణ్ణి చూడకముందే హెడ్‌ఫోన్స్‌లో గొంతు విన్నాను. ఆ గొంతు విని కొడుకుని చేసుకున్నానని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. అందులో అబద్ధం పెద్దగా లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగారు. "నిన్నా ఇవాళా పొద్దున్నే దాని ముందు కూర్చుని ఏదో కట్టావట. ఏమిటమ్మాయ్ అది?"

చెప్పాను. డిస్క్‌కి తాళం ఉంటుంది. మిషన్ నిద్ర లేవగానే ఆ తాళం తీయాలి. తీసే పనిముట్లు కూడా డిస్క్ లోపలే ఉంటే తీసేదెలా? అందుకని తాళం బయట ఒక చిన్న మూట ఉంటుంది, బూట్ ఇమేజ్ అంటే అదే. ఏ డిస్క్ తెరవాలి, దానికి ఏ డ్రైవర్ కావాలి, తాళం ఎలా తీయాలి, అన్నిటికీ నకళ్ళు అందులో ఉంటాయి. మిషన్ ముందు ఆ మూట విప్పుకుని, డిస్క్ తెరిచి, లోపలికి వెళ్ళిపోతుంది. లోపలికి వెళ్ళాక మూటతో పని లేదు.

"గుమ్మం బయట చెప్పుల స్టాండులో దాచిన తాళంచెవి," అన్నారు అత్తయ్య.

"అంతే."

"తాళం మారిస్తే ఆ తాళంచెవీ మార్చాలి."

"అవును."

"మరి తాళం మార్చకుండా రోజూ కొత్త తాళంచెవి చేయించడం ఎందుకు?"

"జాగ్రత్త కోసం అత్తయ్యా."

"ఓహో," అన్నారు. ఆవిడ ఓహోలో బోలెడు అర్థాలుంటాయి. నేను గ్లాసులో వేడినీళ్ళు పోసి ఇచ్చాను.


మార్చి 5, బుధవారం

9:10. కట్టాను. ఇరవై ఏడో అధ్యాయం అయింది. శాలువా మర్చిపోయి వస్తే ఆటోలో ఇంటికి వెళ్ళి తెచ్చాను.


మార్చి 6, గురువారం

మా ఆయన అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. మిషన్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి అప్‌డేట్ వచ్చింది, ఇవాళే చేయాలని చెప్పాను. వచ్చే వారం చేసినా కొంపలేమీ మునగవు.

11:00. అప్‌డేట్ చేశాను. కెర్నెల్ మారితే మూట దానంతటదే కట్టుకుంటుంది. అయినా 11:10కి నేనూ ఒకసారి కట్టాను.

సాయంత్రం మా ఆయన వంటింట్లోకి వచ్చి, కుళాయి కట్టేసి మరీ చెప్పాడు. కణితితో పాటు స్వరతంత్రి ఒకటి కొంత తీసేస్తారట. ప్రాణానికి భయం లేదట. "గొంతు ఉంటుంది. కానీ ఈ గొంతు కాదు," అన్నాడు. రోజుకి ఒక్క అధ్యాయం, అదీ నలభై నిమిషాలు, అంతకుమించి చదవొద్దన్నారట.

సరే అన్నాను. డిస్క్‌లో లోపాలు నిన్న పద్నాలుగు, ఇవాళ ఇరవై రెండు.


మార్చి 8, శనివారం

నిన్నా ఇవాళా పొద్దున్నే కట్టాను. ఇరవై తొమ్మిది అయింది.

ఈ పుస్తకంలో హంతకుడెవరో ఇంకా తేలలేదు. పెద్ద బంగళాలో హత్య. తోటమాలి, ఫ్యామిలీ డాక్టరు, చనిపోయినాయన చెల్లెలు, ముగ్గురి మీదా అనుమానమే. వారానికి రెండు అధ్యాయాల చొప్పున శ్రోతలకి పంపిస్తున్నాం. వాళ్ళు ఫోన్ చేసి మరీ ఎవరో చెప్పమని బతిమాలుతున్నారు. చెప్పడానికి ఇక్కడ ఎవరికీ తెలియదు. అత్తయ్య ఏ పుస్తకమూ ముందుగా చదవరు. "ముందే తెలిస్తే గొంతులో తెలిసిపోతుంది. వినేవాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు, మూడో అధ్యాయంలోనే పట్టేస్తారు," అంటారు. మిగతా రీడర్లు ముందు ఇంట్లో నాలుగుసార్లు చదువుకుని వస్తారు. ఈవిడ మాత్రం పేజీ తిప్పినప్పుడు నిజంగానే ఉలిక్కిపడతారు.

రికార్డింగ్ చేసే చెవులాయన చెల్లెలే హంతకురాలంటాడు. పక్కగదిలో టీ కప్పు పెట్టిన చప్పుడు కూడా గాజు గది అవతల నుంచి పట్టేస్తాడు కాబట్టి ఆయనకి ఆ పేరు. మా ఆయన ఓటు డాక్టరుకి. అత్తయ్య మాత్రం, "తోటమాలి అయితే ఊరుకోను. పాపం ఒక్కడే మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు," అన్నారు.


మార్చి 10, సోమవారం

గొంతు బాగాలేదు. చదవలేదు. మూట కట్టాను.


మార్చి 11, మంగళవారం

ముప్ఫై అయింది. కట్టాను. లోపాలు అరవై. కొత్త డిస్క్ కావాలని ఆఫీసులో చెప్పాను.


మార్చి 12, బుధవారం

గొంతు బాగాలేదు. కట్టాను.


మార్చి 13, గురువారం

కట్టాను. ముప్ఫై ఒకటి అయింది. కొత్త డిస్క్ వచ్చింది. ఇంకా మూడు అధ్యాయాలు. శుక్ర, శని, సోమ. మంగళవారం చేతిలో ఉంటుంది. బుధవారం హాస్పిటల్లో చేరాలి. లెక్క సరిపోయింది.

సాయంత్రం నుంచి పాత డిస్క్‌లోవన్నీ కొత్తదానిలోకి కాపీ అవుతున్నాయి. పందొమ్మిదేళ్ళు ఒక సన్నటి గీతలో కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "ఇంటికి రా. అమ్మ నీ కోసం భోంచేయకుండా కూర్చుంది," అన్నాడు. అది కాపీ అయ్యేదాకా నేను కూర్చోనక్కరలేదు.


మార్చి 14, శుక్రవారం

8:50. కాపీ పూర్తి.
9:10. మూట కట్టాను.
11:40. ఏ డిస్క్ తెరవాలో చెప్పే తాళాల లిస్టులో పాత డిస్క్ నంబరు తీసేసి కొత్త డిస్క్ నంబరు రాశాను.
12:15. మిషన్ ఆపి పాత డిస్క్ తీసేశాను.
12:20. ఆన్ చేశాను. లేవలేదు.
12:50. లేవలేదు.

డిస్క్ కనపడలేదంటోంది. కాసేపు ఎదురుచూసి, నల్ల తెర మీద ఒక గీత ఆడిస్తూ నిలబడిపోతోంది. పాత డిస్క్ మళ్ళీ పెట్టాను. టక్ టక్ మని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఇంక ఎన్నిసార్లు పెట్టినా అదీ లేదు.

అత్తయ్య పుస్తకం పట్టుకుని గాజు గదిలో రెండు గంటలు కూర్చున్నారు. కొత్త డిస్క్ పాడైందేమోనని పరీక్ష మొదలుపెట్టాను. పూర్తవడానికి ఒక రోజు పడుతుంది.


మార్చి 15, శనివారం

పరీక్ష నడుస్తూనే ఉంది. పెద్ద సారుకి ఫోన్ చేయమని చెవులాయన రెండుసార్లన్నాడు. ఆయన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను. అసలు సంగతి సిగ్గు.

పోనీ ఫోన్‌లో రికార్డు చేద్దామా అని కూడా అడిగాడు. చేసి వినిపించాడు. బయట రోడ్డు మీది హారన్లన్నీ బంగళాలోకి వచ్చేశాయి. అత్తయ్య తల అడ్డంగా ఊపారు.

ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. మిషన్ గదిలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను మూడుసార్లు వేడినీళ్ళు ఇచ్చాను. ఫ్యాను తగ్గించాను. మళ్ళీ పెంచాను. నాలుగోసారి గ్లాసు పట్టుకొస్తే, "నన్ను కూడా నీటితో నడిచే మిషన్ అనుకున్నావా?" అన్నారు.

5:30. పరీక్ష అయింది. డిస్క్ శుభ్రంగా ఉంది. అంటే తప్పు డిస్క్‌ది కాదు.


మార్చి 16, ఆదివారం

స్టూడియో బిల్డింగ్‌కి తాళం. పొద్దున అత్తయ్యే ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అప్పటికే పెద్ద సారు నంబరు మోగుతోంది.

విషయం విని ఆయన ఒక్క మాటా తిట్టలేదు. "నోట్‌బుక్ ఉందా? శుక్రవారంది చదువు," అన్నారు. స్పీకర్ ఆన్‌లో ఉంది. చదివాను. తొమ్మిదీ పదికి మూట కట్టాను, పదకొండూ నలభైకి నంబరు మార్చాను.

"ఆగు. మార్చాక మళ్ళీ కట్టావా?"

"పొద్దున్నే కట్టాను కదండీ."

"నంబరు మార్చింది డిస్క్ లోపల ఉన్న లిస్టులో తల్లీ. మూటలో దాని పాత నకలుంది. అది ఇంకా పాత డిస్క్ కోసమే వెతుక్కుంటోంది. మిషన్‌కి ఏ జబ్బూ లేదు, నీ డిస్క్‌కీ లేదు." మళ్ళీ ఆయనే అన్నారు. "నీకు చెప్పాను కదమ్మా. మూట కట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. డిస్క్ తెరుచుకునేలోపు మిషన్‌కి కావలసింది ఏదైనా మారిందా? కెర్నెల్, డ్రైవర్, తాళం, నంబరు. మారితే ఆ తర్వాత కట్టు. మారకపోతే దాని జోలికి వెళ్ళకు. అంతకుముందెప్పుడు కట్టావు?"

చదవక తప్పలేదు. సొంత గొడవలు వదిలేసి మిషన్ లైన్లు మాత్రం చదివాను. మూడో తేదీ కట్టాను, ఊరికే. నాలుగో తేదీ కట్టాను, ఊరికే. అలా చదువుతుంటే నాకే గొంతు తగ్గిపోయింది. మొత్తం పదకొండుసార్లు. అందులో అవసరమైంది ఒక్కటీ లేదు. అవసరమైన పన్నెండోసారి మాత్రం కట్టలేదు.

"పోనీలే. రేపు పెన్‌డ్రైవ్‌తో లేపి, తాళం తీసి, లోపలికి వెళ్ళి కట్టు. గంట పని," అని పెట్టేశారు పెద్ద సారు.

ఫోన్ పెట్టాక నేను అత్తయ్య వైపు చూడలేదు. రెండు రోజులు నా వల్ల పోయాయి. ఆవిడకి ఉన్నవే కొన్ని రోజులు.

"పదకొండుసార్లా?" అన్నారు అత్తయ్య.

"ఊఁ."

"నా దగ్గర కూడా అంతేగా నువ్వు. వేడినీళ్ళు, శాలువా, మాత్రలు, ఫ్యాను. పదిహేను రోజుల నుంచి నా చుట్టూ గిరగిరా తిరుగుతున్నావు. నాకు భయంగా ఉందా అని ఒక్కసారి అడిగావా?"

నేను శాలువా మడత పెడుతున్నాను. మడత పెట్టిందే మళ్ళీ పెడుతున్నాను.

"భయంగా ఉందా అత్తయ్యా?"

"ఉంది," అన్నారు. "రోజూ పొద్దున్నే దుప్పట్లో ఒక మాట అనుకుని చూసుకుంటున్నాను, ఇంకా ఉందా లేదా అని."

అప్పుడు ఏడుపు వచ్చింది. పదిహేను రోజుల ఏడుపు కాబట్టి కాస్త గట్టిగానే వచ్చింది. మా ఆయన పక్కగదిలోంచి తొంగిచూసి, పరిస్థితి అర్థమై, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

"నాకూ భయంగా ఉంది," అన్నాను.

"నీకెందుకే? నీ గొంతు రాయిలా ఉంది. వీధి చివరికి వినపడుతోంది," అన్నారు. అని నా తల ఒళ్ళోకి లాక్కున్నారు. కొంచెంసేపయ్యాక అన్నారు. "పుస్తకం పూర్తి కాకపోతే మిగతాది నువ్వు చదవాలి."

చదవనన్నాను. నాకు చదవడం రాదు, మిషన్ పని ఒకటే వచ్చు, ఇప్పుడు అదీ రాదని తేలింది అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.


మార్చి 17, సోమవారం

9:05. పెన్‌డ్రైవ్‌తో లేపాను.
9:20. కొత్త డిస్క్ తాళం తీశాను. లిస్టులో నంబరు ఉంది, సరిగ్గానే ఉంది.
9:30. మూట కట్టాను. మారింది కాబట్టి కట్టాను.
9:41. ఏనుగు లేచింది.

పందొమ్మిదేళ్ళూ ఉన్నాయి. ఒక పాత పుస్తకం తెరిచి పది సెకన్లు విన్నాను. చెవులాయన నా భుజం తట్టాడు. మధ్యాహ్నం ముప్ఫై రెండు అయింది.


మార్చి 18, మంగళవారం

ముప్ఫై మూడు. ఇంత బాగా ఎప్పుడూ చదవలేదు. అనుమానితులందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి అధ్యాయం ఆగిపోయింది. పేజీ తిప్పబోయి అత్తయ్య గడియారం చూశారు. నలభై నిమిషాలు దాటిపోయాయి. సాయంత్రం దాకా గొంతుకి విశ్రాంతి ఇచ్చి ముప్ఫై నాలుగు మొదలుపెట్టారు. నేను వద్దన్నాను. అయినా మొదలుపెట్టారు. పదకొండు లైన్లు చదివాక దగ్గు వచ్చింది, ఆగలేదు. చెవులాయన తనంతట తానే రికార్డింగ్ ఆపేశాడు.

శనివారం ఉండి ఉంటే అయిపోయేది. ఇది నేను రాసి పెట్టుకోవాలి. శనివారాన్ని పోగొట్టింది నేను.


మార్చి 19, బుధవారం

హాస్పిటల్లో చేర్చాం. ఇవాళ నేను కూడా వెళ్ళాను. కాగితాల మీద సంతకాలు పెట్టింది నేనే. పుస్తకం నా చేతికిచ్చి, "ముందు చదివావంటే ఊరుకోను," అన్నారు. ఈ గొంతుతో నాతో అన్న ఆఖరి మాట అదే. కావాలని అదే అన్నారనుకుంటాను.


మార్చి 20, గురువారం

అయింది. బాగానే అయింది. మా ఆయనా నేనూ వరండాలో ఒకే కుర్చీలో కూర్చున్నాం.


మార్చి 24, సోమవారం

మూడు వారాలు మాట్లాడకూడదు. పలక కొన్నాం. అత్తయ్య రాసిన మొదటి మాట: ఉప్పు తక్కువైంది.

మిషన్ బాగుంది. ఏమీ మారలేదు. మూట కట్టలేదు.


ఏప్రిల్ 2, బుధవారం

రిపోర్టు వచ్చింది. ఎక్కడా మిగల్లేదట. మా ఆయన కాగితాన్ని మూడుసార్లు చదివి, నాకిచ్చి చదవమన్నాడు. పలక మీద అత్తయ్య, నేనింకా చాలా రోజులు మిమ్మల్ని సతాయిస్తాను, అని రాసి ఇద్దరికీ చూపించారు.


ఏప్రిల్ 11, శుక్రవారం

శ్రోతల ఫోన్లు ఆగడం లేదు. చివరి అధ్యాయం ఏమైందంటున్నారు. వేరే రీడర్ని పెడదామని ఆఫీసులో అన్నారు. అత్తయ్య పలక మీద నా వైపు బాణం గుర్తు గీశారు.

పుస్తకం మా అలమరలోనే ఉంది. నేను తెరవలేదు. ఆవిడా తెరవలేదు. మా ఆయన రహస్యంగా తెరవబోతుంటే ఇద్దరం పట్టుకున్నాం.


ఏప్రిల్ 19, శనివారం

రోజుకి అయిదు నిమిషాలు మాట్లాడొచ్చన్నారు డాక్టరు. ఇంట్లో "ఊఁ", "వద్దు", "తలుపు" తప్ప ఏమీ అనడం లేదు. ఆ గొంతు గరగరమంటోంది, లోపల గాలి ఎక్కడో జారిపోతున్నట్టుంది. ఎవరైనా వస్తే వెంటనే పలక అందుకుంటున్నారు.

రేపో ఎల్లుండో చదువుతానని చెప్పాను. చదవకపోతే ఎలాగూ వదలరు.


ఏప్రిల్ 28, సోమవారం

ఇవాళ చదివాను.

గాజు గదిలో నేను, అవతల చెవులాయన పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అత్తయ్య. తప్పు చదివినప్పుడల్లా అరచెయ్యి పైకెత్తారు. ఇరవై మూడుసార్లు ఎత్తారు. అయిదోసారికి నాకు కోపం వచ్చింది, పదోసారికి నవ్వు వచ్చింది. ఆ తర్వాత చెయ్యి ఎత్తకముందే నాకు తెలిసిపోవడం మొదలైంది. చివరి నాలుగు పేజీల్లో ఒక్కసారీ ఎత్తలేదు. హంతకుడి పేరు దగ్గర నేను నిజంగానే ఉలిక్కిపడ్డాను. గాజు అవతల అత్తయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. తర్వాత పలక మీద, నాకు ముందే తెలుసు, అని రాశారు. పచ్చి అబద్ధం. తోటమాలే.

ప్రతి పుస్తకం చివరా చదివినవాళ్ళు ఒక్క వాక్యం చెప్పాలి, ఎవరు చదివారో. ముప్ఫై మూడు అధ్యాయాలు అత్తయ్యవి కాబట్టి అది ఆవిడే చెప్పాలి. చెవులాయన కాస్త ఇబ్బందిగా అన్నాడు.

"అక్కయ్యగారూ, పోయినేటి పుస్తకంలో మీరు చెప్పింది మిషన్లో ఉంది. దాన్నే ఇక్కడ అతికిద్దామా? ఎవరికీ తేడా తెలియదు."

వినిపించాడు. "మీ కోసం చదివింది నేనే," అంది ఆ గొంతు. నేను మొదటి రోజు విన్న గొంతు. అత్తయ్య పలక మీద, అదే పెట్టండి, ఇప్పటి గొంతు ఎవరికి కావాలి, అని రాశారు.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ అదే పెట్టించాలనిపించింది. అది చాలా బాగుంది మరి. అదే వింటూ కూర్చోవాలనిపించింది. లేచి వెళ్ళి ఆవిడ చేతిలోంచి పలక తీసుకున్నాను.

"మారింది కదా అత్తయ్యా," అన్నాను. "మారాక పాత నకలు పెట్టకూడదు. ఆ పొరపాటు నేను ఒకసారి చేశాను."

ఆవిడ మెల్లగా గాజు గదిలోకి నడిచారు. నేను వెంట వెళ్ళి కుర్చీ సర్దాను, మైకు కిందికి దించాను. వేడినీళ్ళు మాత్రం ఇవ్వలేదు. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, మైకుకి బాగా దగ్గరగా వంగి చెప్పారు.

"చదివింది నేనే. చివరి అధ్యాయం మా కోడలు చదివింది. తప్పులుంటే అవి దానివే."

ఆ గొంతు గరగరమంది, మధ్యలో రెండుచోట్ల తెగింది. చెవులాయన ఇంకో టేక్ అడగలేదు. నాకు ఆ గొంతు ఎంతో నచ్చింది. టైముతో సహా రాసి పెట్టుకుంటున్నాను, 3:50.